వీరభద్రప్ప రక్తం ఏం చెప్పింది

మద్దిలేటి ఫోను చేసింది మామూలు పని మీదే. తన పరిశోధనలో చేరినవాళ్ళను ఏడాదికోసారి పిలిపించి, నడుం కొలిచి, రక్తపోటు చూసి, చక్కెరకూ కొవ్వుకూ రక్తం తీసుకోవాలి. ఈసారి పిలవాల్సినవాళ్ళలో బ్యాండుమేళం వీరభద్రప్ప ఉన్నాడు.

ఫోను ఆయన భార్య చెన్నమ్మ ఎత్తింది.

“వీరభద్రప్ప గారున్నారామ్మా?”

“ఆయన లేడు సార్.”

“ఎప్పుడొస్తారు?”

ఆమె పక్కింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు, నెమ్మదిగా చెప్పింది.

“నెల దాటింది సార్. ఆదోనిలో పెండ్లికి పోయినాడు. వాయిస్తా వాయిస్తా పడిపోయినాడంట. ఆసుపత్రిలో ఒక దినం ఉండె, అంతే. గుండెపోటన్నారు. చక్కెర శానా ఉండాదన్నారు, బీపీ ఉండాదన్నారు. మందులేం వాడతాండాడని అడిగినారు సార్ నన్ను. ఏం వాడ్తల్లేదని చెప్పినా.”

మద్దిలేటి ఏదో అన్నాడు. ఏమన్నాడో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

వీరభద్రప్పకు ఏ జబ్బూ రాదని చెప్పింది మద్దిలేటే.

కర్నూలులోని ఒక పరిశోధనశాలలో మద్దిలేటి ఖుద్దూస్ సార్ దగ్గర డాక్టరేట్ చేస్తున్నాడు. ఖుద్దూస్ సార్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మాట పొదుపు. ఆయన దగ్గర చదివినవాళ్ళు, సార్ “ఊ” అన్నాడంటే డాక్టరేట్ వచ్చినట్టేనని నవ్వుకునేవాళ్ళు. తన కప్పు తానే కడుక్కునేవాడు. ఎవరైనా పొగిడితే కిటికీలోంచి బయటకు చూసేవాడు.

మద్దిలేటిది చిన్నప్పటి నుంచీ భారీ శరీరం. బడిలో పిల్లలు బస్తా అని పిలిచేవాళ్ళు. వాళ్ళ నాన్నా లావే, పెదనాన్నా లావే. ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే కుండలో అన్నం తిన్నారు. నాన్నకు నలభై దాటేసరికి చక్కెర, ఆ పైన రక్తపోటు. కాలు తీసేశారు, తర్వాత మనిషే పోయాడు. పెదనాన్న మాత్రం అంత పొట్టతోనే ఇప్పటికీ ఒక్క మాత్ర మింగకుండా పొలానికి పోయి వస్తున్నాడు. అన్నదమ్ముల్లో ఒకరికెందుకొచ్చింది, ఇంకొకరికెందుకు రాలేదు? ఈ ప్రశ్న పట్టుకునే మద్దిలేటి ఖుద్దూస్ సార్ దగ్గరకు వచ్చాడు.

లావుగా ఉన్న ప్రతి మనిషికీ మెటబాలిక్ సిండ్రోమ్ రాదు. చక్కెర, రక్తపోటు, చెడ్డ కొవ్వు, అన్నీ కలిసికట్టుగా మీద పడేది కొందరికే. ఆ కొందరెవరో ముందుగా తెలిస్తే ఎంత బాగుంటుంది! జన్యువులు పుట్టుకతో వచ్చినవే అయినా అన్నీ ఒకేలా పని చేయవు. కొన్ని గట్టిగా పని చేస్తుంటాయి, కొన్ని మందకొడిగా ఉంటాయి. రక్తకణాల్లో ఏవి ఎంత పని చేస్తున్నాయో కొలిచే పద్ధతులున్నాయి. మద్దిలేటి ఏళ్ళ తరబడి కొలిచాడు. వేల జన్యువుల్లోంచి వడపోసి వడపోసి గుప్పెడు తేల్చాడు. ఈ గుప్పెడు చూస్తే చాలు, ఎవరికి రాబోతుందో ఎవరికి రాదో చెప్పొచ్చని అతని లెక్క.

మొట్టమొదట తన రక్తమే చూసుకున్నాడు. రాదని వచ్చింది. ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాడు. నాన్న పోయినప్పటి నుంచీ గుండెల మీద ఉన్న బరువు దిగినట్టయింది. వాళ్ళమ్మకు ఫోను చేసి, “నేను పెదనాన్న పోలికమ్మా, నాన్న పోలిక కాదు” అని చెప్పి ఏడ్చాడు.

ఖుద్దూస్ సార్ మాత్రం ఒకటే మాట అన్నాడు. “ఇది వాళ్ళకు చెప్పేది కాదు మద్దిలేటీ. ఇంకా మనం నేర్చుకునే దశలోనే ఉన్నాం.”

ఆ మాట మద్దిలేటి విన్నాడు. కానీ పని సాగినకొద్దీ, లెక్కలు కుదిరినకొద్దీ అతని నడకే మారింది. సభల్లో మాట్లాడమని పిలుపులొచ్చాయి. పెద్ద పత్రిక కోసం వ్యాసం రాయడానికి కూర్చున్నాడు. సార్‌కు వయసైపోయిందనీ అందుకే జంకుతున్నాడనీ లోలోపల అనుకోవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వీరభద్రప్ప వచ్చాడు. ఊళ్ళో బ్యాండుమేళంలో క్లారినెట్ వాయిస్తాడు. భారీ మనిషి, నవ్వితే వొళ్ళంతా కదిలేది. రక్తమిచ్చి పోయిన కొన్నాళ్ళకు, ఏదో పెళ్ళి నుంచి తిరిగొస్తూ పొట్లంలో తీపి ఓళిగలు కట్టించుకుని మళ్ళీ వచ్చాడు.

“సార్, నా రక్తం ఏమంటాది?”

“చెప్పకూడదండీ. నియమం.”

“మంచి మాటైతే చెప్పండి సార్. చెడ్డదైతే వద్దులే.”

మద్దిలేటి నవ్వాడు. మంచి మాటే. తన దగ్గరున్న శాంపిళ్ళన్నిటిలోకీ బాగున్న వాటిలో వీరభద్రప్పది ఒకటి. ఇంత బరువున్న మనిషికి ఇంత శుభ్రమైన ఫలితం! తన సిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

“మీకేం కాదు వీరభద్రప్ప గారూ. లావున్నంత మాత్రాన అందరికీ జబ్బులు రావు. మీరు రానివాళ్ళ జాతి. నేనూ ఆ జాతే.”

వీరభద్రప్ప అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అక్కడికక్కడే పెట్టె తెరిచి, క్లారినెట్ తీసి, నడవాలో నిలబడి ఒక పెళ్ళిపాట వాయించాడు. పక్క గదుల్లోంచి అందరూ వచ్చి చుట్టూ చేరారు. ఖుద్దూస్ సార్ తలుపు కొంచెం తెరిచి చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

ఇప్పుడా మనిషి లేడు.

మద్దిలేటి ముందు తప్పు వెతికాడు. ట్యూబులు తారుమారయ్యాయేమో. మిషను సరిగా లేదేమో. వేరేవాళ్ళ పేరు మీద ఈయన ఫలితం పడిందేమో. డీప్ ఫ్రీజర్లో మిగిలి ఉన్న వీరభద్రప్ప శాంపిల్ బయటకు తీసి మళ్ళీ మొదటి నుంచీ చేశాడు. ఎక్కడైనా ఒక పొరపాటు దొరికితే బాగుండునని మొక్కుకున్నాడు. దొరకలేదు. ఫలితం అక్షరం మారలేదు. రాదు. ఈ మనిషికి ఏమీ రాదు.

తిండి పోయింది. పడుకుంటే చెన్నమ్మ గొంతు వినిపించేది, మందులేం వాడతాండాడని అడిగినారు సార్ అని. లేచి కూర్చునేవాడు. అచ్చు వేస్తామని పెద్ద పత్రిక ఒప్పుకున్న వ్యాసం చివరి ప్రతి బల్ల మీదే పడి ఉంది. స్నానం చేయడం మానేశాడు. హాస్టల్లో ఎవరైనా పలకరిస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

చివరికి ఒక పొద్దున్నే ఖుద్దూస్ సార్ గదికి వెళ్ళి నిలబడ్డాడు.

“సార్, వీరభద్రప్ప చచ్చిపోయినాడు.”

సార్ తలెత్తాడు.

“నేను ఆయనకు చెప్పినాను సార్. మీరు వద్దన్నారు, అయినా చెప్పినాను. ఏం కాదని చెప్పినాను.”

తిడతాడనుకున్నాడు మద్దిలేటి. తిట్టి ఉంటే ఎంతో కొంత తేలికయ్యేది.

“ఆ శాంపిల్ మళ్ళా చూసినావా?” అన్నాడు సార్.

“చూసినాను సార్. అదే వస్తోంది. మనిషి మట్టిలో కలిసినాడు, ఆయన రక్తం మాత్రం ఇంకా ఏం కాదు ఏం కాదనే అంటోంది. ఇదంతా వట్టిది సార్. ఇన్నేళ్ళూ నేను చేసింది వట్టిది. నాకు డాక్టరేట్ వద్దు. ఊరికి పోతాను. ఆ మనిషి ముఖం కండ్లముందు నుంచి పోతల్లేదు.”

ఖుద్దూస్ సార్ లేచాడు. అలమర దగ్గరకు వెళ్ళి, రబ్బరు పట్టీ, సిరంజి, దూది తెచ్చాడు. కుర్చీ లాగి మద్దిలేటిని కూర్చోబెట్టాడు.

“చెయ్యి చాపు.”

సార్ స్వయంగా రక్తం తీయగా మద్దిలేటి ఎన్నడూ చూడలేదు. ముసలివేళ్ళు మోచేతి మడతలో తడుముతూ నరం వెతికాయి. సూది నొప్పి తెలియలేదు. సార్ ట్యూబు మూత బిగించి, దాన్ని మెల్లగా తలకిందులు చేసి, మద్దిలేటి చేతిలో పెట్టాడు.

“ఇది కూడా చూడు. చూసినాక పోదువు.”

ఎందుకని అడిగే ఓపిక కూడా మద్దిలేటికి లేదు. చెప్పినంత పని చేసి సంచీ సర్దుకుందామనుకున్నాడు. రక్తకణాలు వేరు చేయడం, వాటిలోంచి జన్యువుల పనితీరు చెప్పే ఆర్‌ఎన్‌ఏ తీయడం, మిషనుకెక్కించడం, అన్నీ చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. మనసు అక్కడ లేదు.

ఫలితం తెర మీదకు వచ్చింది.

వస్తుంది అని ఉంది. రావచ్చని కాదు, తప్పకుండా వస్తుందని. జబ్బుకు దారితీసే జన్యువులన్నీ పైకి లేచి ఉన్నాయి, అణిగి ఉండాల్సినవేవీ అణిగి లేవు. తన దగ్గరున్న శాంపిళ్ళన్నిటిలోకీ అధ్వానమైన వాటి పక్కన కూర్చుంది తన రక్తం. పాత కాగితం తీసి చూశాడు. అదే మద్దిలేటి. అదే రక్తం. అప్పుడు రాదు, ఇప్పుడు వస్తుంది.

వాళ్ళమ్మకు చెప్పిన మాట గుర్తొచ్చింది. కాసేపటికి భయం కోపంగా మారింది. కాగితాలు రెండూ పట్టుకుని సార్ గదికి పరిగెత్తాడు.

“సార్, ఇది తప్పు! ఇప్పుడు తీసిన దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు సార్. నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు. తిండి లేదు. పొద్దస్తమానం ఏడుస్తా ఉన్నాను. ఇట్లాంటి మనిషి రక్తం తీస్తే అందులో ఏముంటుంది సార్? ఈ ఏడుపే ఉంటుంది. ఇది చూసి నాకు జబ్బొస్తుందని ఎట్లా చెప్తారు?”

సార్ ఆ కాగితాలు అందుకోలేదు. మద్దిలేటి ముఖంలోకి చూశాడు.

“వీరభద్రప్ప రక్తమిచ్చిన రోజు ఎట్లా ఉన్నాడు?” అన్నాడు.

మద్దిలేటి గుర్తు చేసుకోవాలని చూశాడు. చెయ్యి గుర్తొచ్చింది. లావు చెయ్యి, నరం దొరకడం కష్టమైంది. పొద్దున ఏమీ తినలేదు కదా అని అడగడం గుర్తొచ్చింది. తినలేదన్నాడు. అంతకు మించి ఏమీ లేదు. ఆ చేతికి పైన ఒక మనిషి ఉన్నట్టే గుర్తు లేదు.

సార్ మళ్ళీ తన పనిలోకి తల వంచుకున్నాడు.

ఆ సాయంత్రమే మద్దిలేటి హంద్రి ఏటి ఒడ్డున ఉన్న వీరభద్రప్ప ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. రేకుల ఇల్లు. గోడకు బ్యాండుమేళం ఎర్రకోటు తగిలించి ఉంది, భుజాల మీద బంగారురంగు కుచ్చులతో. అంత పెద్ద కోటు ఆ చిన్న గదిలో ఒక మనిషి నిలబడ్డట్టే ఉంది. మద్దిలేటి అటు చూడలేక గడప దగ్గరే కూర్చున్నాడు.

చెన్నమ్మ నీళ్ళు తెచ్చిచ్చింది. బక్కపలచటి మనిషి.

“ఫోన్లో విన్న గొంతే, గుర్తుపట్టినా సార్. ఆయన మీ మాట శానా చెప్తాండె.”

మద్దిలేటి చెంబు కింద పెట్టాడు. ఎలా అడగాలో తెలియలేదు. “అమ్మా, మా దగ్గరకు మొదటిసారి వచ్చి రక్తమిచ్చినాడు కదా. ఆ పొద్దు ఆయన ఎట్లుండె?”

“ఆ పొద్దా?” ఆమె ముఖంలో ఏదో కదిలింది. “ఆ పొద్దు ఎందుకు మర్చిపోతా సార్. శ్రీశైలం నుంచి వచ్చిన మర్నాడే కదా మీ కాడికి వచ్చింది.”

“శ్రీశైలమా?”

“నడిచి పోయినాడు సార్, అడివిలో పడి. నాకు గర్భసంచి ఆపరేషను అయింది ఆ ఏడు. బతకదన్నారు నన్ను. బతికితే శివదీక్ష పట్టి నడిచొస్తానని మొక్కుకున్నాడు. నలభై దినాల మండలం పూర్తిగా దీక్షలో ఉండె. ఒంటిపూట అన్నం. నూనె లేదు, తీపి లేదు. చన్నీళ్ళ స్నానం, కటిక నేల మీద నిద్ర. వాయించేదానికి కూడా పోలా. తెల్లారకముందే లేచి గుడికి నడుస్తాండె. అట్లా ఆయన్ని నేను పెండ్లయినప్పటి నుంచీ చూడలా సార్. అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“కాళ్ళంతా బొబ్బలే. వద్దు, రేపు పోదువులే అంటే వినలా. మాటిచ్చినా, సార్ వాళ్ళు ఎదురుచూస్తారు అన్నాడు. కుంటుకుంటానే వచ్చినాడు. మీరు చూసే ఉంటారులే.”

మద్దిలేటి చూడలేదు.

“ఆ తర్వాత మళ్ళా పెండ్లిండ్లు, పెండ్లిభోజనాలు, రాత్రి మేలుకోవడాలు, అన్నీ మామూలే. నేను అంటాంటి సార్, రోజూ కొంచెం నడువు, తీపి తగ్గించు అని. నవ్వుతాండె. పెద్ద చదువు చదివిన సారు నా రక్తం లోపలికి చూసి చెప్పినాడు, నాకేం రాదు పోవే అంటాండె. అంత పెద్ద సారు చెప్పినాక నేనేమి అంటా? నేనూ అనడం మానేస్తి. దప్పికవుతాంది, రాత్రిళ్ళు ఊరికే లేస్తాండా అన్నప్పుడు కూడా ఎండలకేమోలే అనుకుంటిమి.”

“అమ్మా, నేను ఆ మాట చెప్పి ఉండకూడదు.”

ఆమె అతని వైపు వింతగా చూసింది.

“అట్లంటారేం సార్. మంచి మాటే కదా చెప్పినారు. ఆ పొద్దు ఎంత సంతోషంగా ఇంటికొచ్చినాడో మీకు తెలీదు. వీధి వీధంతా చెప్పుకున్నాడు.”

ఆ మాటతో మద్దిలేటిలో నిలబడి ఉన్నదేదో కూలిపోయింది. ఆమె తిట్టినా, దుమ్మెత్తి పోసినా భరించేవాడు. ఆమెకు అతని మీద కోపం లేదు. కోప్పడవచ్చని కూడా ఆమెకు తెలియదు. తల దించుకుని, ఆ గడప మీద, పరాయి ఇంటి ముందు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. చెన్నమ్మ ఏం చేయాలో తెలియక కాసేపు నిలబడి, తర్వాత తనూ పక్కన కూర్చుంది.

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది.

“సార్, ఒక మాట. నాకు తెలీక అడుగుతాండా.” ఆమె ఆగింది. “అయితే ఆయన రక్తం అబద్ధం చెప్పిందా?”

మద్దిలేటి చేతులు జోడించి వచ్చేశాడు.

మర్నాడు పరిశోధనశాలకు వచ్చి, మొదట పత్రికవాళ్ళకు ఉత్తరం పంపాడు, తన వ్యాసం అచ్చు వేయవద్దని. ఇన్నేళ్ళ పని. పంపాక ఏమీ అనిపించలేదు, లోపల ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఖుద్దూస్ సార్ గదికి వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండా, గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు.

మద్దిలేటి జరిగిందంతా చెప్పాడు. దీక్ష, అడవి నడక, కాళ్ళ బొబ్బలు, నా రక్తం చూసి చెప్పినాడు అంటూ ఆయన నవ్వడం, ఆమె మందలించడం మానేయడం. ఎక్కడా తనను వెనకేసుకు రాలేదు. సార్ కిటికీ వైపు తిరిగి వింటున్నాడు. ఆయన ముఖం మద్దిలేటికి కనిపించడం లేదు.

“ఆయమ్మ నన్నొకటి అడిగింది సార్. రక్తం అబద్ధం చెప్పిందా అని. నేనేం చెప్పలేకపోయినా.”

ఖుద్దూస్ సార్ ఇటు తిరిగాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నెమ్మదిగా వచ్చి, మోకాళ్ళు పట్టుకుని, శిష్యుడి పక్కన నేల మీదే కూర్చున్నాడు.

“లేదు” అన్నాడు. “రక్తం ఆ ఒక్క రోజు సంగతే చెప్పింది. తక్కిన రోజుల సంగతి మనం చెప్పినాం.”